తల తిప్పిన బొమ్మ జింక

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. పూనకం వచ్చిందని పని ఎగ్గొట్టే ఆడవాళ్ళని మా ఊళ్ళో చాలామందిని చూశాను. అన్నం వేళకి ఒక్కరికీ పూనకం రాలేదు. నా చేతికి ఎవరైనా తాయెత్తు కట్టబోతే, ఆ దారం ఇలా ఇవ్వు, రవికకి హుక్కులు కుట్టుకుంటాను అనేదాన్ని.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కల్పించి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నేను కాగితం మీద రాసింది మా అమ్మాయి సుజాత కంప్యూటర్లో ఎక్కిస్తోంది. ఒక్క ముక్క కూడా కలపొద్దని దానికి ముందే చెప్పాను.

మేము ఉండేది అమెరికాలో, బెంటన్‌విల్‌లో. సుజాత ఇక్కడ సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. దాని కూతురు మేఘన ఇక్కడే పుట్టింది. కాలేజీలో అడవి జంతువుల గురించి చదివి, గేమ్ వార్డెన్ అవుతానంది. ఇండియన్ స్టోర్‌లో కనబడిన ఆడవాళ్ళు, "వీడియో గేమ్‌ల కంపెనీలోనా ఆంటీ? మంచి ప్యాకేజీ ఉంటుంది" అన్నారు. కాదమ్మా, అడవిలో దొంగచాటుగా వేటాడేవాళ్ళని పట్టుకునే పోలీసు అని చెప్పాను. తర్వాత ఎవరూ ప్యాకేజీ మాట ఎత్తలేదు.

నాకూ ఇష్టం లేదు. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉందని ముందే తెలిసి వెళ్ళే ఉద్యోగం ఏమిటని అడిగాను.

"ఎవరో ఒకళ్ళు వెళ్ళాలి కదా అమ్మమ్మా," అంది మేఘన.

"ఆ ఎవరో ఒకళ్ళకి అమ్మమ్మ లేదా?"

"ఉంటుంది. ఆవిడ కూడా ఇలాగే అరుస్తుంది."

మేఘన ఒకసారి అనుకుంటే మాట వినే రకం కాదు. ఆ గుణం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అకాడమీలో పరుగు, ఈత, తుపాకీ అన్నీ పాసయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒక సీనియర్ వార్డెన్ పక్కన తిరిగి పని నేర్చుకోవాలి. ఈ పిల్ల పనికొస్తుందని ఆయన రాస్తేనే ఉద్యోగం ఖాయం. మేఘనకి పని నేర్పినాయన పేరు డేల్. తెల్ల మీసాలు, తక్కువ మాట. మేఘన పిలవడం విని ఆయన కూడా నన్ను "అమ్మమ్మా" అనే పిలుస్తాడు. నాకంటే మరీ చిన్నవాడేమీ కాదు.

వీళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. రోడ్డు మీద బండి ఆపి కిటికీలోంచి జింకని కాల్చడం ఇక్కడ నేరం. అలాంటివాళ్ళని పట్టుకోవడానికి పొలం అంచున ఒక బొమ్మ జింకని నిలబెట్టి, వార్డెన్లు చెట్ల చాటున కూర్చుంటారు. లోపల గట్టి స్పాంజి దిమ్మ, పైన నిజం జింక తోలు, గాజు కళ్ళు. రిమోట్ నొక్కితే తల తిప్పుతుంది, తోక ఆడిస్తుంది. బతికున్నదే అనుకుని కాలుస్తారు. కాల్చగానే వీళ్ళు వెళ్ళి పట్టుకుంటారు.

పోయిన చలికాలం మొదట్లో డేల్ దగ్గరున్న మగ జింక ఒళ్ళంతా తూట్లు పడింది. భుజం దగ్గర తోలు చిరిగి లోపలి దిమ్మ కనబడుతోంది. బాగుచేయడానికి పంపితే అది తిరిగొచ్చేసరికి వేట రోజులు అయిపోతాయట. "మా అమ్మమ్మ కుడుతుంది" అని మేఘన మాట ఇచ్చేసింది. ఇద్దరూ దాన్ని తెచ్చి మా గరాజ్‌లో దింపారు.

పడేయాల్సిన వస్తువుని బాగుచేయమంటే నేను కాదనను. బొంతలు కుట్టిన చేతులు. గోధుమరంగు దారం అయిపోతే కొత్త ఉండ కొననివ్వకుండా, చీర ఫాల్స్ కుట్టగా మిగిలిన మెరూన్ దారంతోనే కుట్టాను. అంత దూరం నుంచి దారం రంగు ఎవడు చూస్తాడు?

మెడ దగ్గర కుట్టడానికి తల కాస్త పక్కకి తిప్పబోతే కదలలేదు. రెండు చేతులతో పట్టి తిప్పినా రాలేదు. మేఘన పరుగెత్తుకొచ్చింది.

"ఫోర్స్ చేయకు అమ్మమ్మా, గేర్ బ్రేక్ అవుతుంది. మోటార్‌తోనే తిరుగుతుంది అది."

ఈ మాట గుర్తుంచుకోండి.

కుట్టేటప్పుడు ఎదురుగా ఏది ఉంటే దానితో మాట్లాడడం నాకు అలవాటు. మిషను అయినా, బొంత అయినా. మేఘన లోపలికి వెళ్ళిపోయాక, ఆఖరి ముడి వేసి దారం కొరికి, "ఇన్ని తూటాలు తిని కూడా నిలబడే ఉన్నావు. మా పిల్ల మీద ఓ కన్నేసి ఉంచరా" అన్నాను. గరాజ్‌లో అప్పుడు ఇంకెవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం మేఘన రిమోట్ నొక్కి చూసుకుంది. తల తిరిగింది, తోక ఆడింది. సాయంత్రం తీసుకెళ్తామని చెప్పి కాసేపు పడుకుంది.

వాడని వస్తువులో సెల్లులు ఉంచితే నాకు తోచదు. సత్తువ ఊరికే పోతుంది, అవి కారితే వస్తువు కూడా పాడవుతుంది. టీవీ రిమోట్‌లోవి కూడా పని కాగానే తీసేస్తాను. "మా ఇంట్లో టీవీ చూడాలంటే ముందు అమ్మని బతిమాలుకోవాలి" అని సుజాత వచ్చినవాళ్ళందరి ముందూ దెప్పుతుంది. ఆ అలవాటు చొప్పునే గరాజ్‌లోకి వెళ్ళి, జింక కడుపు కింది మూత తీసి, లోపలున్న నాలుగు లావు సెల్లులూ బయటికి తీశాను. మూత మళ్ళీ పెట్టేశాను. సెల్లులు వంటింట్లో డబ్బాలో వేశాను. మేఘన లేచాక పెడదామనుకున్నాను.

నేను స్నానం చేస్తుండగా డేల్ వచ్చాడు. వాళ్ళిద్దరూ జింకని బండిలో వేసుకుని వెళ్ళిపోయారు. నేను బయటికి వచ్చేసరికి గరాజ్ ఖాళీగా ఉంది.

డబ్బా తీసి చూశాను, సెల్లులు అందులోనే ఉన్నాయి. పొలంలో బొమ్మ కదలకపోతే, సరిగ్గా చూసుకోకుండా తెచ్చావని డేల్ మేఘననే అంటాడు. ఆయన రాసే రాతలో అది పడుతుంది. మేఘనకి ఫోన్ చేశాను. తీయలేదు. ఆఫీసు నుంచి వచ్చిన సుజాత, "డ్యూటీలో అది ఫోన్ తీయదమ్మా. ఎక్కడికెళ్తున్నారో కూడా చెప్పరు" అంది.

డబ్బాలోంచి నాలుగు సెల్లులూ తీసి భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

"నువ్వే కదా దాన్ని ఆ ఉద్యోగం మానమన్నది?" అని సుజాత ఎత్తిపొడిచింది.

"మానమన్నాను. పనికిరాదనిపించుకుని రమ్మనలేదు."

సెల్లులు అక్కడే ఉన్నాయి. నేను లేవలేదు. సుజాత కూరలు తరుగుతూ వాటిని చూస్తూనే ఉంది. ఈ సంగతిలో మా ఇద్దరికీ ఏ అనుమానమూ లేదు.

వంట అయ్యాక బండి చప్పుడయింది. మేఘన లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. జుట్టులో చెట్టు బెరడు ముక్కలున్నాయి. దాని వెనకే డేల్, టోపీ చేత్తో పట్టుకుని.

మేఘన చెప్పింది ఇది. వాళ్ళు పొలం చేరేసరికి పొద్దు వాలుతోంది. అప్పుడే దూరంగా బండి చప్పుడు వినబడితే, బొమ్మని నిలబెట్టి గబగబా దాక్కున్నారు. రిమోట్ నొక్కి చూసుకునే తీరిక లేకపోయింది. డేల్ రోడ్డు దగ్గర, మేఘన పొలం లోపలి వైపు ఒక చెట్టు చాటున. ఎవరైనా రోడ్డు మీద నుంచే కాలుస్తారు కాబట్టి అది భయం లేని చోటు.

మేఘన రిమోట్ నొక్కింది. జింక కదలలేదు. మళ్ళీ నొక్కింది. కదలలేదు. వచ్చిన బండి నెమ్మదించింది కానీ రోడ్డు మీద ఆగలేదు. కొంచెం ముందుకి పోయి, పొలంలోకి వెళ్ళే మట్టిదారిలోకి తిరిగి, అక్కడ ఆగింది. ఇప్పుడు బండికీ మేఘనకీ మధ్య జింక ఒక్కటే ఉంది. చాటు అనుకున్న చెట్టు పక్కకి అయిపోయింది. కిటికీలోంచి తుపాకీ గొట్టం బయటికి రావడం మేఘనకి కనబడింది. అరవాలా, అరిస్తే ఆ అలికిడికే కాలుస్తాడా అని తేల్చుకోలేకపోయింది.

అప్పుడు జింక తల తిప్పింది.

మేఘన రిమోట్ నొక్కలేదు. రిమోట్ తన ఒళ్ళో ఉంది. జింక బండి వైపు చూడలేదు. వెనక్కి, మేఘన ఉన్న వైపు తల తిప్పి అలాగే ఆగింది. మీట పొరపాటున నొక్కుకుపోయిందేమోనని మేఘన ఒళ్ళోకి వంగి చూసింది. తూటా మేఘన తల మీదుగా పోయి వెనకున్న చెట్టుకి తగిలింది.

డేల్ పరుగెత్తి ఆ బండివాణ్ణి పట్టుకున్నాడు. అక్కడ మనిషి ఉందని తెలియదని వాడు నేల మీద కూర్చుని ఏడ్చాడట.

"రిమోట్ లేట్‌గా పనిచేసింది అమ్మమ్మా. అంతే," అని మేఘన నవ్వబోయింది.

నేను బల్ల మీదకి చూపించాను.

"ఇవేంటి?"

"నీ జింకలోవి. నువ్వు పడుకున్నప్పుడు తీశాను."

మేఘన వాళ్ళ అమ్మ వైపు చూసింది. సుజాత తల ఊపింది. మేఘన మెల్లగా డేల్‌కి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన టోపీ బల్ల మీద పెట్టి వెళ్ళి, బండిలోంచి జింకని మోసుకొచ్చి హాల్లో పడుకోబెట్టాడు. కడుపు కింది మూత తీశాడు. లోపల ఏమీ లేదు.

రిమోట్ నొక్కాడు. కదలలేదు. తల రెండు చేతులతో పట్టి తిప్పబోయాడు. రాలేదు. అప్పుడు నేను నాలుగు సెల్లులూ వేశాను. నొక్కగానే మోటారు కిర్రుమని, తల ఆగి ఆగి తిరిగింది. మళ్ళీ సెల్లులు తీసేశాను. నా మెరూన్ కుట్లు అన్నీ చూశాను. ఒక్కటీ తెగలేదు, కొత్త తూటు ఒక్కటీ లేదు.

మేఘన చొక్కాకి కెమెరా ఉంటుంది. అందులో పడినది డేల్ మా అందరికీ చూపించాడు. పొలంలో గడ్డి పరక కదలడం లేదు. జింక తల తిరిగింది. మా హాల్లో తిరిగినట్టు ఆగి ఆగి కాదు. నీళ్ళు తాగుతూ ఏదో విని వెనక్కి చూసే జంతువులా, ఎక్కడా ఆగకుండా, మెల్లగా. ఆ తర్వాత కెమెరా వంగిపోయింది, చప్పుడు వినబడింది.

ఎవరమూ భోజనం చేయలేదు. నేను కూడా. వండిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టడం కూడా మర్చిపోయాను. అలా నా జన్మలో ఎప్పుడూ జరగలేదు.

డేల్ వెళ్తూ మేఘనతో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను.

"రిపోర్ట్‌లో గాలికి కదిలిందని రాస్తాడట."

"గాలి ఎక్కడుంది?"

"అతనికీ తెలుసు అమ్మమ్మా."

నేను మళ్ళీ ఉద్యోగం మానమంటానని మేఘన ఎదురుచూసినట్టుంది. అనలేదు. అది ఆ మర్నాడే పనిలోకి వెళ్ళింది. కొన్నాళ్ళకి డేల్ పనికొస్తుందని రాశాడు. బ్యాడ్జి ఇచ్చే రోజున ఇంటివాళ్ళే దాన్ని చొక్కాకి పెట్టాలట. వాళ్ళ అమ్మని కాకుండా నన్ను పిలిచింది. జీవితమంతా సూది పట్టిన చేతికి, ఆ చిన్న పిన్ను మూడోసారికి గానీ ఎక్కలేదు.

ఎలా జరిగిందో నన్ను అడగకండి. సెల్లులు నా కళ్ళ ముందే ఉన్నాయి, జింక తల తిప్పింది. రెండూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నా బుర్రకి అందడం లేదు. సుజాత చదివిన చదువుకీ అందలేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను.

ఆ నాలుగు సెల్లులూ వంటింటి డబ్బాలోనే ఉన్నాయి. వాడలేదు, పడేయలేదు. టీవీ రిమోట్‌కి కొత్తవి కొనుక్కురమ్మంటే సుజాత నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

కుడుతూ నేను జింకతో అన్న మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే ఈ కాగితాల్లో రాశాను. టైపు చేస్తూ చేస్తూ సుజాత అక్కడ ఆగిపోయి, నా వంక చూస్తూ కూర్చుంది. ఒక్క ముక్క కలపొద్దని చెప్పాను కదా, తీసేయడం కూడా వద్దన్నాను.