ఏ వయసు వారికి ఈ బొమ్మల పుస్తకం

పోయిన వారం మా ఇంటికి ఓ పార్సిలు వచ్చింది. విప్పితే నలుగురు సూపర్ హీరోలు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు ఇంటికి ఇంతమంది బలవంతులు ఒక్కసారే రావడం బందరులో అరుదు కాబట్టి మా ఆవిడ వంట మానేసి వచ్చి కాసేపు చూసి వెళ్ళింది. సంగతేమిటంటే, నా దగ్గర చదువుకున్న ఒకాయన ఇప్పుడో మాసపత్రిక నడుపుతూ, పిల్లల కోసం కొత్తగా వచ్చే బొమ్మల పుస్తకాల మీద నాలుగు మాటలు రాసే పని నాకు అప్పగించాడు. నాకు వేరే పనేమీ లేదని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు గానీ సరిగ్గానే చెప్పారు. రాయడం పెద్ద కష్టం కాదు. రాసినదాని కింద ‘ఏ వయసు వారికి’ అని ఓ చిన్న గడి ఉంటుంది, దాన్ని నింపడమే కష్టం.

మొదటి పుస్తకంలో ఓ అమ్మాయి వేలు చూపిస్తే చాలు, కరెంటు వస్తుంది. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నాలు గడిపినవాళ్ళెవరికైనా ఈమె మిగతా వీరులందరికంటే గొప్పగా కనిపిస్తుంది కనుక, ఆరేళ్ళ నుంచి ఎంతవరకైనా అని రాశాను. రెండోదాంట్లో వీరుడు ఒక్కడే అయినా లోకాలు చాలా ఉంటాయి, ఒక లోకంలో చచ్చిపోయినవాడు పక్క లోకంలో కాఫీ తాగుతూ ఉంటాడు. పన్నెండేళ్ళ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది, నలభై దాటినవాళ్ళు ఓ పన్నెండేళ్ళ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి అని రాశాను. మూడోవాడు సగం పుస్తకం తన బాధ డాక్టరుకి చెప్పుకుంటాడు, మిగతా సగం డాక్టరు చెప్పింది ఆలోచించుకుంటాడు, ఈలోపు దుర్మార్గులు విసుగెత్తి వాళ్ళంతట వాళ్ళే లొంగిపోతారు. ఇది పదహారు దాటిన వారికి, అదీ పరీక్షలు అయ్యాక. ఈ మూడూ ఒక్క ఉదయంలో తేలిపోయాయి.

నాలుగో పుస్తకం మధ్యలో రెండు పేజీలూ కలిపి ఒకటే బొమ్మ. సముద్రం లేచి నిలబడింది. దాని కింద అగ్గిపెట్టెల్లాగా ఇళ్ళు. ఇళ్ళకీ సముద్రానికీ మధ్య పసుపు రంగు బట్టలవాడొకడు, రోడ్డు దాటేవాడు లారీని ఆపినట్టు, అరచెయ్యి చూపించి దాన్ని ఆపుతున్నాడు. అది ఆగింది కూడా. పేజీ తిప్పితే ఊరంతా చప్పట్లు. వేసినవాళ్ళు వెనక అట్ట మీద ఏడేళ్ళ పైవారికి అని అచ్చువేశారు. నేను మాత్రం గడి ఖాళీగా పెట్టి, నాలుగు రోజులు నా రాత బల్ల వైపు వెళ్ళకుండా ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.

పుస్తకాలకి వయసు కట్టడం నేను కనిపెట్టిన విద్య కాదు. దాన్ని నాకు నేర్పింది మా బావ. మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నయ్య, గుడివాడలో ఓ రైసు మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. సంసారం మాత్రం దివిసీమలో, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊళ్ళో. శనివారం సాయంత్రం మిల్లు నుంచి బయటపడి, గుడివాడ స్టేషను దగ్గర బడ్డీలో ఓ బొమ్మల పుస్తకం కొని, పెడన మీదుగా, మా బందరు మీదుగా, చల్లపల్లి మీదుగా బస్సులు మారుతూ ఇల్లు చేరేవాడు. ముసుగులు వేసుకుని, చెడ్డవాళ్ళ దవడల మీద కొట్టే వీరుల కథలు అవి. మన ఈడువాళ్ళకి ఆ కాగితం వాసనతో సహా గుర్తుండే ఉంటుంది. పుస్తకం ఒకటే, చదివేవాళ్ళం మాత్రం ఇద్దరం, ఒకే ఈడువాళ్ళం. అందుకని ముందు మా బావ చదివేవాడు, సోమవారం తెల్లారి మావయ్య తిరిగి వెళ్తూ దాన్ని మా ఇంట్లో పడేసి, దాంతోపాటు మా బావ తీర్పు కూడా నోటితో చెప్పి వెళ్ళేవాడు.

ఆ తీర్పులు మూడే రకాలు. తన చిన్న చెల్లికి చదివి వినిపించవచ్చు అనేది ఒకటి. మనం చదువుకోవచ్చు అనేది రెండోది. పెద్దయ్యాక చదవాలి అనేది మూడోది, అంటే వాడికి అర్థం కాలేదని. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఇన్ని పుస్తకాల మీద ఇంత రాసి, ఇంతకంటే మంచి పద్ధతి నాకైతే ఎక్కడా తగల్లేదు.

డెబ్భై ఏడు చలికాలం మొదట్లో ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను వర్ణించబోవడం లేదు. మన వయసువాళ్ళకి అక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా లాభం లేదు. మావయ్య గుడివాడ మిల్లులో ఉన్నాడు కాబట్టి మిగిలాడు. మా బావ ఓ తుమ్మచెట్టుకి చిక్కుకున్నాడు కాబట్టి మిగిలాడు, ఒంటినిండా ముళ్ళతో. అత్తయ్య శవమైనా దొరికింది. వాడి చెల్లెలు అలా కూడా దొరకలేదు. మావయ్య కొడుకుని తీసుకొచ్చి మా ఇంట్లో దింపి, గుమ్మంలోకి కూడా రాకుండా గుడివాడ బస్సెక్కాడు. ఆ తర్వాత ఆయన శనివారాలు మా ఇంటికే వచ్చేవాడు, ఆ దారిలో అంతకంటే ముందుకు వెళ్ళే పని లేదు కనుక.

ఇక మా ఇంట్లో రెండో సమీక్షకురాలు తయారైంది. మా అమ్మ అప్పటిదాకా ప్రార్థన పుస్తకం తప్ప మరోటి ముట్టిన మనిషి కాదు. అలాంటిది మావయ్య తెచ్చిన బొమ్మల పుస్తకాన్ని ముందు తను తీసుకుని, పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది. దవడల మీద కొట్టుకోవడం ఆమెకి అభ్యంతరం లేదు. పిస్తోళ్ళు పేలినా పట్టించుకునేది కాదు. నీళ్ళు ఎక్కడైనా ఉన్నాయా అని మాత్రమే చూసేది. వాన పడితే ఆ పుస్తకం పోయినట్టే. ఓసారి వీరుడు నది దాటాడని మంచి పుస్తకం ఒకటి బీరువా మీదకి వెళ్ళిపోయింది, నది మోకాలి లోతు కూడా లేదని నేను ఎంత వాదించినా వినలేదు. ఆ యేడంతా మా సండేస్కూల్లో జలప్రళయం పాఠం చెప్పలేదు. పాస్టరమ్మగారితో మా అమ్మ మాట్లాడిందని తర్వాత తెలిసింది. నాన్నగారు ఆదివారాలు మమ్మల్ని మంగినపూడి బీచికి తీసుకెళ్ళడం మానేశారు, కారణం సైకిలు బాగోలేదని చెప్పారు. ఆ సైకిలు మీదే రోజూ బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేవారు.

ఇద్దరం ఒకే ఈడువాళ్ళం, ఒకే కంచంలో తింటున్నాం, నాకు సరిపడే పుస్తకం వాడికి సరిపడదు. వయసు అంటే పుట్టినరోజు లెక్క కాదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. అర్థం కాలేదు. బీరువా మీద పేరుకుపోతున్న పుస్తకాలు చూసి ఏడుపొచ్చేది, అంతే.

ఓ రోజు మా బావ కుర్చీ వేసుకుని బీరువా ఎక్కాడు. చేతికి తగిలిన పుస్తకంలో, తెగిపోతున్న ఆనకట్టకి వీపు ఆనించి నీళ్ళని ఆపేస్తున్న వీరుడున్నాడు. దాన్ని తీసుకుని, మా అమ్మ బియ్యంలో రాళ్ళేరుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాడు. అప్పటికి వాడు మా ఇంటికొచ్చి చాలాకాలమైనా, అన్నం కావాలనీ వద్దనీ తప్ప పెద్దగా మాట్లాడింది లేదు.

“అత్తా, ఈయన ఆ రోజు ఎక్కడున్నాడు?” అని అడిగాడు.

మా అమ్మ చేట పక్కన పెట్టింది. కళ్ళజోడు తుడుచుకుని ఆ బొమ్మ చాలాసేపు చూసింది. ఇంట్లో అందరికంటే చదువుకున్నది మా నాన్నగారు, ఆయన గుమ్మంలోనే ఉన్నారు, మెట్లు దిగి సైకిలు టైర్లలో గాలి చూసుకోసాగారు.

“ఈయనది మన జిల్లా కాదు నాయనా,” అంది మా అమ్మ.

మా బావ తల ఊపాడు, ఏ ఆఫీసుకి వెళ్ళాలో తెలియక తిరుగుతున్న మనిషికి సరైన గది చూపిస్తే ఊపినట్టు. ఆ సాయంత్రం నుంచి బీరువా మీద పుస్తకాలన్నీ వరసగా చదివేశాడు. మా అమ్మ మాత్రం పెరట్లోకి వెళ్ళి, పొద్దున తోమిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

తర్వాత వాడు లెక్కల మాస్టారై, ఇంకెక్కడైనా వేయించుకోవచ్చు కదా అని అందరూ అంటున్నా వినకుండా అవనిగడ్డలోనే ఉద్యోగం చేసి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు, మనవరాలు. మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి, అత్తగారు ఉప్పెనలో పోయారని మాత్రమే తెలుసు. ఆడపడుచు ఒకతె ఉండేదని తెలియదు. వాడు చెప్పలేదు, మేం మా నోటితో చెప్పకూడదనుకున్నాం. ఒక ఫోటో అయినా ఉంటే ఎవరన్నా అడిగి ఉండేవారేమో. ఫోటోలున్న ఇల్లే లేదు.

నా సమీక్షలు వాడు ప్రతినెలా అందరికంటే ముందు చదువుతాడు, తప్పులు పట్టుకోవడానికి. మొన్న ఫోను చేసి, కరెంటు అమ్మాయికి అన్ని మార్కులు ఎందుకు వేస్తున్నావు, మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు బాగుచేయించుకోవడానికా అన్నాడు. అచ్చు కాకముందే ఆ సంగతి ఎలా తెలిసిందంటే మా ఆవిడ చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు. ఎనిమిదేళ్ళ మనవరాలు ఫోనులో ఏదో ప్రకటన చూసి ఓ కొత్త పుస్తకం కావాలంటోందట, పసుపు బట్టలవాడిది, నా దగ్గరికి వచ్చిందా అని.

వచ్చిందన్నాను. మధ్య పేజీ గురించి కూడా చెప్పాను. దాచి లాభం లేదు, వాడు లెక్కల మాస్టారు.

“తీసుకురా బావా. ఆ బొమ్మ చూసి అది ఏదో ఒకటి అడుగుతుంది. అడిగితే చెప్పేస్తాను,” అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, “మా చెల్లెలు ఉండేదని తెలిసినవాళ్ళం ఇప్పుడు మనిద్దరమే. నీకు షుగరు, నాకు బీపీ,” అన్నాడు.

మర్నాడు చల్లపల్లి బస్సెక్కాను. వాళ్ళింటికి వెళ్ళేసరికి మా బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇన్‌స్పెక్టరుగారు బడికి వచ్చే రోజున కూర్చున్నట్టు వరండాలో కూర్చుని ఉన్నాడు. గడ్డం కూడా చేసుకున్నాడు. ఎందుకురా ఈ ముస్తాబు అని అడుగుదామనుకుని, మొహం చూసి మానేశాను. మనవరాలు పుస్తకం నా చేతిలోంచే లాక్కుని మెట్ల మీద చతికిలబడింది. ఈ కాలం పిల్లలు ఎంత వేగంగా చదువుతారో మీకు తెలుసు. మేం ఇద్దరం కాఫీ గ్లాసులు పట్టుకుని, తాగకుండా, అది పేజీలు తిప్పడం చూస్తూ కూర్చున్నాం.

మధ్య పేజీ వచ్చింది. సముద్రం లేచింది. మా బావ గ్లాసు కింద పెట్టాడు.

పిల్ల ఆ బొమ్మని ఒకసారి చూసి, తిప్పేసింది. చప్పట్లు కొట్టే ఊరు వచ్చింది, దాన్నీ తిప్పేసింది. చివరిదాకా వెళ్ళి పుస్తకం మూసేసింది.

ఎలా ఉందని మా బావ అడిగాడు. ఆ అల బొమ్మ చూశావా అని కూడా అడిగాడు. తాను అనుకున్నదానికంటే ఒక మెట్టు దిగి అడిగాడని నాకు తెలుసు.

“చూశాలే తాతయ్యా. ఇది చిన్నపిల్లల పుస్తకం,” అని చెప్పి, సైకిలు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

మా బావ గేటు వైపే చూస్తూ, “భయపడలేదు, చూశావా,” అన్నాడు. గర్వంగానే అన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ భోజనాల దగ్గర ఆ ఇస్త్రీ చొక్కాతోనే కూర్చుని, కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలిపాడు. పిల్లని పిలిచి నువ్వే చెప్పకూడదా అని బస్టాండుకి వస్తూ అడిగాను. అడగనిదాన్ని కూర్చోబెట్టి ఏమని మొదలుపెట్టను బావా అన్నాడు. ఇంకా టైముందిలే అని కూడా అన్నాడు.

పత్రికవాళ్ళు తొందరపెడుతుంటే, ఏడేళ్ళ పైవారికి అనే రాసి పంపేశాను. వేసినవాళ్ళు సరిగ్గానే వేశారు. ఇప్పుడు సముద్రంలో కాస్త గాలి లేస్తే చాలు, ఇంట్లో ఉన్న ఫోనులన్నీ ఒక్కసారి అరుస్తాయి, ఊళ్ళకి ఊళ్ళు బస్సులెక్కించి పక్కా బిల్డింగుల్లోకి తరలిస్తారు, పిల్లలకి అదో సెలవు. ఆ పిల్లకి సముద్రం ఒట్టి బొమ్మగా కనిపించాలనే కదా మన పెద్దవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థించింది. కోరుకున్నదే దొరికింది, ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ లేదు. కాకపోతే ఆ భయంతో పాటు, ఆ భయం లోపల భద్రంగా దాచిపెట్టుకున్న మనుషులు కూడా వెళ్ళిపోతారని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

అందుకని మన ఈడువాళ్ళైన మీతో చెబుతున్నాను. ఉప్పెన నాటికి బావ చెల్లెలికి ఐదేళ్ళు. నన్ను బందరు బావ అనేది. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని మాట్లాడేది కాబట్టి ఏ మాటా పూర్తిగా అర్థమయ్యేది కాదు. వర్షం వస్తే కోడిపిల్లల్ని గౌను ఒళ్ళో వేసుకుని లోపలికి తెచ్చేది. ఇంతవరకు నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. పేరు మాత్రం రాయడం లేదు. అది మా బావ చెప్పాలి.