అత్తమ్మ మాటలు పెట్టిన సినిమాలు

మా అత్తమ్మ పోయింది. పోయిన నెలలో, పట్టపగలు, దవాఖానాలో. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ఈ నాలుగు ముక్కలే చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. దినాలు అయ్యాయి. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు. కిరాయికి తెచ్చిన కుర్చీలు టెంట్‌హౌస్ అబ్బాయి ఆటోలో వేసుకుని పోయాడు. ఇప్పుడు నిమ్మళంగా ఏడవడానికి తీరిక దొరికింది గానీ ఓపిక లేదు. ఏడుపు రానప్పుడు రాయడం కొంచెం సులువని కూర్చున్నాను.

మామ పోయాక జనగామ దగ్గరి పల్లె నుంచి ఆమె మా దగ్గరికి, నాచారానికి వచ్చింది. అప్పట్లో మాది కంపెనీల వెనక రేకుల ఇల్లు, రెండు గదులు. మా ఆయన దారం కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు, దాదాపు ఎప్పుడూ నైట్ షిఫ్టే. పొద్దున వచ్చి, తిని పడుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు కూడా. నేను జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన నిద్రపోయే వేళల్లో కుట్టుమిషను ముట్టకుండా హుక్కులూ కాజాలూ పెట్టుకుని కూర్చునేదాన్ని. టీవీ ఆయన పడుకున్న గదిలోనే ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందులో పాత సినిమా వచ్చేది. అత్తమ్మకు సినిమా కావాలి, కొడుక్కు నిద్ర కావాలి. అందుకని ఆమె చప్పుడు పూర్తిగా బంద్ పెట్టి, పీట వేసుకుని కూర్చుని, తెర మీది వాళ్ల మాటలన్నీ తనే గుసగుసగా చెప్పేది.

రాజుగారు సింహాసనం మీద కూర్చుని మంత్రిని గద్దిస్తుంటే, "ఏందయ్యా, నల్లా ఇంక రాలే? బిందెలన్ని ఖాళీగున్నయ్" అనేది. మంత్రి చేతులు కట్టుకుని వంగితే, "రేపొస్తది దొరా, పైపు పలిగింది" అని మంత్రి తరఫున జవాబు కూడా ఆమెదే. చెరసాలలో రాణి కుమిలి కుమిలి ఏడుస్తుంటే, "ఏం లేదు, ఉల్లిగడ్డ కోసిన" అనేది. నవ్వినా చప్పుడు కాకూడదు గనక నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. సూది వేలికి గుచ్చుకున్న రోజులున్నాయి.

పక్కింటావిడది గుంటూరు వైపు. ఆమె కూడా పని ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. మొదట్లో ఆమెకు ఈ వ్యవహారం నచ్చలేదు.

"అలా అనడండీ పిన్నిగారూ. ఆ సీన్లో రాజు యుద్ధానికి వెళ్తున్నానని చెబుతాడు. నేను హాల్లో చూశాను."

"నీ హాల్ల పోతడేమో బిడ్డా. మా ఇంట్లకెల్లి యుద్ధానికి ఎందుకు పోతడు? జర బువ్వ తిని పంటడు."

నాలుగు రోజులు పోయాక ఆవిడే రాణి మాటలు తను పెడతానని ముందుకు జరిగింది. రాష్ట్రం కోసం రోడ్ల మీద బందులు నడుస్తున్న కాలమది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సులు ఆగిపోయిన మధ్యాహ్నాల్లో, రాజు మా యాసలో, రాణి వాళ్ల యాసలో మాట్లాడుకుంటూ మా గదిలో చక్కగా కాపురం చేశారు. బయటి గొడవకు మేమేం చేయగలం, తలుపు దగ్గరికి వేసుకోవడం తప్ప.

పాత సినిమాలే ఎందుకని ఒకసారి అడిగాను. "కొత్తయిట్ల మొకం ఆగది పిల్లా. ఎగురుడు, దుంకుడు. గీళ్లయితె నిలవడి మాట్లాడ్తరు. మనం మాట వెట్టుకునే జాగ ఉంటది" అంది. ఇంకో మాట కూడా అనేది. "సప్పుడు బంజేసి సూడు, కష్టం సగమే కనవడ్తది. అండ్ల ఏడ్సెటోళ్లు ఉత్తగ నోరు తెర్సినట్టే ఉంటరు." అప్పుడు ఆ మాటను ముసలామె వేళాకోళం అనుకున్నాను.

తర్వాత దారం కంపెనీకి తాళం పడింది. ఇవాళ తీస్తారు, రేపు తీస్తారు అని గేటు ముందు కూర్చుని కూర్చుని, ఇక తీయరని తెలిశాక మా ఆయన ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాడు. నైట్ షిఫ్టు లేదు, నిద్ర లేదు. అయినా పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఎప్పుడైనా లేచి బయటికి వెళ్తే, ఎక్కడ ఏం చేసుకుంటాడోనని ఆయన తిరిగి వచ్చేదాకా నేను సందు మొగలో నిలబడేదాన్ని. కుట్టుమిషను తొక్కవచ్చు, టీవీ చప్పుడు పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ మాకు చేతులు రాలేదు. సినిమా అలాగే మూగగా నడిచేది, అత్తమ్మ కూడా మాటలు పెట్టడం తగ్గించింది.

తల్లీకొడుకులు ఎదురెదురుగా మాట్లాడుకునే మనుషులు కారు. "తిన్నడా అడుగు" అని ఆమె, "పంటనన్ననని చెప్పు" అని ఆయన, ఏదైనా నా మీదుగానే. ఇంత కష్టంలోనూ ఆ పద్ధతి మారలేదు. మధ్యలో నేను అరిగిపోయాను.

ఒక మధ్యాహ్నం సినిమాలో రాజ్యం పోయిన కొడుకు చిరుగుల బట్టలతో తల్లి ముందుకు వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. తల్లి ఏదో చెబుతోంది. అత్తమ్మ గొంతు సవరించుకుంది. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"నౌకరి పోయింది" అంది అత్తమ్మ. "నువ్వు పోలే గద కొడుకా. గోడ దిక్కు ఎన్ని దినాలు సూస్తవ్? గోడేమన్న పని ఇస్తదా?"

తెర మీద కొడుకు పెదాలు కదిలాయి. అత్తమ్మ అతని మాట చెప్పలేదు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవలిస్తరమ్మా నాకు పని?" అన్న మాట మంచం మీది నుంచి వచ్చింది. "నలబై దాటినయ్. మిషన్ తప్ప ఇంకోటి రాదు."

అత్తమ్మ వెనక్కి తిరగలేదు. తెర వైపే చూస్తూ, "అడిగితె గదా తెలిసేది" అంది.

"అడగనీకి మొకం చెల్లుతలేదు."

"నీ మొకానికేమైంది? నేను కన్న మొకం. మంచిగనే ఉన్నది."

సినిమాలో పాట మొదలైంది. ఎవరో పూలతోటలో తిరుగుతున్నారు. వీళ్లిద్దరూ ఆపలేదు. ఆయన గోడతో, ఆమె తెరతో, పాట పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను చేతిలో హుక్కు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. కదిలితే ఆగిపోతారని నా భయం. సినిమా అయిపోయే వేళకు ఆయన, "ఘట్‌కేసర్ కాలేజీల జనరేటర్ సూసుకునెటోడు కావాల్నట. పోయి రానా?" అన్నాడు. "పోయి రా" అంది. అంతే.

ఆ పని దొరికింది. జీతం తక్కువే, బస్సులో పోయిరావడానికే సగం రోజు. కానీ పగటి డ్యూటీ. ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం మానేశాడు. ఆ మధ్యాహ్నం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా వాళ్ల కబుర్లు నా మీదుగానే నడిచాయి. ఇప్పుడిక ఇంట్లో పగలు పడుకునేవాళ్లు లేరు కదా అని నేను టీవీకి చప్పుడు పెట్టాను. అత్తమ్మ రెండు రోజులు విని, "మస్తు ఒర్రుతున్నరు, బంద్ వెట్టు" అంది.

రాష్ట్రం వచ్చింది. గల్లీలో పటాకులు కాల్చారు, ఆమె అరుగు మీద కూర్చుని చూసింది. ఆ తర్వాత కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. దవాఖానాలో మా ఆయన సెలవు పెట్టి మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చివరి రోజు పొద్దున్నుంచీ ఆమె పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. ఆయన మొహంలో మొహం పెట్టి చూస్తూ ఒక్కొక్కటే అడిగాడు.

"నీళ్లా అమ్మా?" కాదని తల ఊపింది. "కాళ్లు గుంజుతున్నయా?" కాదు. "ఊరికి పోదామంటున్నవా?" అదీ కాదు. ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, "డ్యూటీకి పొమ్మంటున్నవా?" అన్నాడు.

అత్తమ్మ కళ్లు మూసి తెరిచింది.

"పోత. సాయంత్రం వస్త" అని ఆమెతోనే నేరుగా చెప్పి, దుప్పటి సరిచేసి, ఆయన వెళ్లాడు. ఆమె చూపు తలుపు దగ్గరే ఉండిపోయింది. పెదాలు మళ్లీ కదిలాయి. ఆ మాట వెళ్లిపోయిన కొడుక్కో, పక్కనున్న నాకో తెలియదు. వంగి చెవి ఆనించాను. ఇన్నేళ్లు ఆ గదిలో కూర్చుని వింటూనే ఉన్నాను గానీ, ఆ పెదాలకు ఒక్క మాట పెట్టడం నా చేత కాలేదు. అవి కాసేపు అలాగే కదిలాయి.