డోము కప్పులో మిగిలిన రంధ్రం

మా యూనివర్సిటీ ఖగోళశాల అటెండరుగారు పోయారు. ఆ సంగతి నాకు ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి, "డోము కప్పు మీది తలుపు తెరిచే మనిషి ఇంక లేడు. వచ్చి వెల్డింగ్ కొట్టి మూసెయ్" అన్నాడు.

"లేడంటే ఏంటండీ?"

"సోమవారం పోయాడయ్యా. నువ్వెప్పుడొస్తావు?"

ఒళ్లు మండిపోయింది.

నేను వెల్డర్ని. చదువు పదో క్లాసు మధ్యలో ఆగింది. డోము చక్రాలు తుప్పు పట్టి బిగుసుకుపోతే బాగు చెయ్యడానికి వెళ్లి ఆయన్ని మొదటిసారి చూశాను. మిట్టమధ్యాహ్నం వెల్డింగ్ అద్దం అడ్డం పెట్టుకుని సూర్యుణ్ని చూస్తున్నాను. చేతి మీద ఒక్కటి కొట్టారు.

"కళ్లు పోతాయిరా అబ్బాయ్!"

"రోజూ మంట చూసే అద్దమేనండి."

"ఆ మంట నువ్వు ఆపితే ఆగుద్ది. ఇది ఆగుద్దా?"

దుర్భిణిని సూర్యుడి వైపు తిప్పి, దాని వెనక తెల్ల కాగితం పట్టారు. కాగితం మీద కంచమంత సూర్యుడు, అందులో రెండు నల్ల మచ్చలు. ఒక్కొక్కటీ భూమి కన్నా పెద్దదన్నారు. ఇప్పటికీ సగమే నమ్ముతున్నాను.

వంతెన లేని రోజుల్లో ఆ దుర్భిణి పడవ మీద గోదావరి దాటి వచ్చిందట. ఇంత తేమలో, వరిచేల మధ్య దాన్ని ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. డోము తిప్పడానికి మోటారు లేదు, తాడు లాగాల్సిందే. దుర్భిణి చిన్న అద్దాలకు బూజు పట్టకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవారు. "ఈ బియ్యం మనం వండుకోవచ్చా, చుక్కలకేనా?" అని వాళ్లావిడ అడిగేదట.

వాన వస్తే "ముందు నీళ్లు పడకుండా చూడరా" అనేవారు. మబ్బు విడిస్తే "తెరవని దుర్భిణి ఉంటే ఎంత, పోతే ఎంత" అనేవారు. ఇప్పుడు నేను ఏ మాట వినాలి? తాడు లాగడం ఓపిగ్గా నేర్పిన మనిషి, ఇలాంటి రోజొస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆయన మీదా కోపంగానే ఉంది.

నేను రానంటే ఇంకొకణ్ని పిలిచి తలుపు మొత్తం అతికించేస్తారు. అందుకే వెళ్లాను. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, రెండే వెల్డింగ్ చుక్కలు పెట్టాను. సుత్తితో కొడితే ఊడొస్తాయి. సందులన్నీ తారుతో కప్పాను. తుప్పు తిన్న రంధ్రం ఒక్కటి మిగిలింది.

కప్పు దిగి లోపలికెళ్లి చూస్తే అంతా చీకటి. నేల మీద మాత్రం, ఆ రంధ్రంలోంచి పడ్డ రూపాయి బిళ్లంత సూర్యుడు. ఆయన బల్ల మీది తెల్ల కాగితం తెచ్చి ఆ వెలుగు కింద పెట్టాను. మచ్చలు ఉన్నాయో లేదో తెలియలేదు. తారు డబ్బా చేతిలోనే ఉంది. ఆ వెలుగు మెల్లగా కాగితం అంచు దాకా వచ్చింది.

కాగితం కొంచెం పక్కకు జరిపాను.