అద్దాలాయన సంతకం

కోపం కూడా కొలత ప్రకారమే రావాలని నమ్మిన మనిషి ఆయన. ముప్పైయేడేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నవానికి అది సహజమే. అద్దం అంచు వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే ఫ్రేములో నిలువదు. తక్కువ అరిగితే ఫ్రేమే విరుగుతుంది. అందుచేత ఆయన మాటను కూడా అరగదీసి, వెలుతురుకు పట్టి చూచుకొని, ఆ తరువాతనే బయటికి వదిలేవాడు. ఫుట్‌బాల్ మైదానంలో తూర్పు గ్యాలరీ నాలుగో వరుసవారందరికీ ఆయన అద్దాలాయన. ఆఫ్‌సైడ్ తప్పు జరిగినదని పక్కవారు గోల మొదలుపెట్టి, ముందుగా ఆయన ముఖం వంక చూచేవారు. ఆయన తల అడ్డంగా ఆడించినాడా, ఆ గోల అక్కడికక్కడే సద్దుమణిగేది.

అట్టి మనిషికి ఈ ఏడు వచ్చిన కోపం మాత్రం ఏ కొలతకూ లొంగలేదు.

ఆయన జట్టు పట్టికలో అట్టడుగున ఉన్నది. జట్టును ఆడించే కొత్త మేనేజరు వచ్చిన తరువాత సొంత మైదానంలో ఆరు ఆటలు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఓటమి ఆయనకు కొత్త కాదు. తండ్రి భుజాల మీద కూర్చుని చూచిన మొట్టమొదటి ఆట కూడా ఓడినదే. ఆయనకు ఒళ్ళు మండినది పదకొండో నంబరు విషయంలో. ఎడమ అంచున పరుగెత్తే ఆ ఆటగాడొక్కడే బంతిని కాలికి అతికించుకొన్నట్లు ముందుకు తీసుకుపోగలడు. మేనేజరు ఆరు ఆటలలో ఆరుసార్లూ, రెండో సగం మొదలైన పావుగంటకే, అతనిని బయటికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టినాడు. ఆరుసార్లూ ఆ తరువాతనే అవతలివారి గోల్ పడినది.

ఇంట్లో ఆయన ఈ సంగతి తప్ప మరొకటి మాట్లాడటం మానివేసినాడు. మీరు నమిలేది భోజనమా, మేనేజరునా అని భార్య ఒకనాడు అడిగినది. ఆయన నవ్వలేదు.

ఆయన బావమరిది బస్సు డ్రైవరు; అభిమానుల సంఘానికి కార్యదర్శి కూడా. మేనేజరును తొలగించాలని క్లబ్బు యజమానులకు ఇవ్వడానికి అతడొక అర్జీ సిద్ధం చేస్తున్నాడు. దానిపై మొదటి సంతకం అద్దాలాయనదే కావాలని సంఘం తీర్మానించినది. తప్పుడు ఆఫ్‌సైడ్ ఏనాడూ చెప్పని మనిషి సంతకమంటే యజమానులు కూడా కాదనలేరని వారి నమ్మకం. ఆయన కూడా సరేనన్నాడు. చేయి దురదగా ఉన్నదని కూడా అన్నాడు.

ఆ మంగళవారం ఉదయం మేనేజరు స్వయంగా దుకాణంలోకి వచ్చినాడు. అతని నల్ల కళ్ళద్దాల కాడకు మర ఊడిపోయినది. ఎదుట నిలబడిన మనిషిని చూడగానే అద్దాలాయన దవడలు బిగుసుకున్నవి. అయినా కొట్టులోకి వచ్చినవాడు కొట్టుకు పెద్దమనిషి అని తలచి, పట్టకారుతో మర అందుకొన్నాడు. అంతలో మేనేజరు గోడ మీది గడియారం చూడటానికి రెండు కళ్ళూ చికిలించి, మెడ ముందుకు చాచినాడు. ఆ గడియారం పది అడుగుల దూరంలో ఉన్నది.

అద్దాలాయన పట్టకారు కింద పెట్టి, అతనిని లోపలి గదిలోని కుర్చీలో కూర్చోబెట్టినాడు. అక్షరాల పట్టికలో మూడో వరుస దాటలేక, కింది వరుసలు అచ్చు సరిగా పడలేదని మేనేజరు ఫిర్యాదు చేసినాడు. పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి ఒక్కొక్క అద్దమే మారుస్తూ పోగా, మైనస్ రెండున్నర దగ్గర ఆ అచ్చు దానంతటదే బాగుపడినది.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?” అని అడిగినాడు.

“నాలుగైదేళ్ళు. కళ్ళజోడు పెట్టుకుంటే ఆటగాళ్ళు నవ్వుతారండీ. మీరు కూడా బయట ఎవరికీ చెప్పకండి.”

“మైదానం అవతలి అంచున మీకు ఏం కనిపిస్తుంది?”

“రంగు కనిపిస్తుంది. మన చొక్కానా, వాళ్ళ చొక్కానా తెలుస్తుంది. చాలదా?”

అద్దం పట్టుకొన్న చేయి గాలిలోనే ఆగినది. సొంత మైదానంలో వారి జట్టు ఎప్పుడూ ఒకే కొస నుండి ఆట మొదలుపెట్టేది. మొదటి సగంలో పదకొండో నంబరు పరుగెత్తేది గీత పక్కన నిలబడే మేనేజరు ముక్కు కింద. రెండో సగంలో జట్లు కొసలు మారగానే అతడు అవతలి అంచుకు పోతాడు. పోయి, ఈ మనిషికి రంగు మరకగా మిగులుతాడు. ఆరు ఆటల రహస్యం కుర్చీలో కూర్చుని కళ్ళు నులుముకొంటున్నది.

ఇది తెలిసి ఆయన కోపం చల్లారలేదు సరికదా, రెండింతలైనది. వేలమంది వారమంతా పనిచేసి, ఆదివారం గొంతులు చించుకొనేది ఈ మసక కోసమా? బస్సు నడిపే బావమరిది ప్రతి ఏడూ కళ్ళు పరీక్షించుకొని గాని చక్రం ముట్టుకోడే! పదకొండుమందిని నడిపేవానికి ఆ పట్టింపు లేకపోవడమా? అయినా ఆ కుర్చీలో తెలిసినది ఆ కుర్చీలోనే ఉండాలన్నది తండ్రి పెట్టిన నియమం. దుకాణంతో పాటే ఆయనకు సంక్రమించినది. గురువారానికల్లా అద్దాలు తానే స్వయంగా అరగదీసి, ఫ్రేములో బిగించి, క్లబ్బుకు తీసుకుపోయి చేతికిచ్చినాడు. మేనేజరు పెట్టె తెరవకుండానే కోటు జేబులో వేసుకొన్నాడు.

శనివారం ఉదయం రొట్టెల దుకాణం వెనుకగదిలో, పిండి బస్తాల నడుమ సంఘం సమావేశమైనది. బావమరిది అర్జీ చదివినాడు. పదకొండో నంబరు ఆటను కళ్ళారా చూస్తూ కూడా మేనేజరు కావాలని అతనిని తప్పిస్తున్నాడన్నది అందులో మొదటి అభియోగం. కలం అద్దాలాయన చేతికి వచ్చినది. ఆయన దానిని కాగితం మీద అడ్డంగా పెట్టినాడు.

“కళ్ళారా చూస్తూ అన్న మాట తీసేయ్.”

“ఎందుకు బావా?”

“అది నిజమని మనకు తెలియదు.”

“ఆయన నిలబడేదే గీత మీద కదా. కళ్ళు మూసుకుని నిలబడుతున్నాడా?”

బస్తాల మీద కూర్చున్నవారందరూ ఘొల్లుమన్నారు. రొట్టెల దుకాణదారు మాత్రం నవ్వలేదు. అతని కొట్టు అద్దాల దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది.

“మంగళవారం మీ కొట్లోంచి బయటికి వచ్చిందెవరో చెప్పండి చాలు. గంటసేపు లోపల ఉన్నాడు.”

ఆ వచ్చినది మేనేజరని అందరికీ అర్థమైనది. బావమరిది ముఖం ఎర్రబడినది. “బావా, అద్దాలు నువ్వు వాడికి పెట్టావా, వాడు నీకు పెట్టాడా?”

జవాబు నాలుక చివరనే ఉన్నది. ఆ గదిలో ఎవ్వరికీ తెలియని, అందరినీ ఒక్క దెబ్బకు నోరు మూయించగల జవాబు. ఆయన దానిని మింగినాడు. ఆ మాట తీసివేస్తే మిగిలినదానికి సంతకం చేస్తానన్నాడు. అదొక్కటి తీస్తే మిగిలేది ఏముందని వారన్నారు. కలం మరొకరి చేతికి పోయినది. ముప్పైయొక్క ఏళ్ళ స్నేహంలో మొదటిసారి, ఆయన లేచి వెళ్తుంటే ఉండమని ఎవరూ అనలేదు.

ఆరు ఆటలుగా తిట్టినదీ మీరే, ఇప్పుడు మేనేజరు మనిషి అనిపించుకొన్నదీ మీరేనా అని భార్య నిలదీసినది. ఆమెకు కూడా చెప్పలేక ఆయన చొక్కా అంచుతో తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. న్యాయంగా తాను చేయవలసిన ఫిర్యాదుకు తానే అడ్డుపడవలసి రావడమంత అవమానం లేదు. ఆ అవమానం తెచ్చిపెట్టినవాడు కోటు జేబులో పెట్టె వేసుకొని హాయిగా తిరుగుతున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నాలుగో వరుసలో ఆయనకు అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నవి. బావమరిది అర్జీని చొక్కా జేబులో మడిచిపెట్టుకొని రెండు వరుసల కింద కూర్చున్నాడు, వెనుదిరిగి చూడలేదు. మొదటి సగం గోల్ లేకుండా ముగిసినది. మేనేజరు నిలబడే చోటు ఆ వరుసలకు సరిగ్గా కిందనే. విరామం తరువాత అతడు ఆటగాళ్ళకు వీపు తిప్పి, జేబులోని పెట్టె తెరచి, కళ్ళజోడు పెట్టుకొన్నాడు.

ఎడమ చెవి దగ్గర కాడ కొంచెం ఎత్తుగా ఉన్నది. దిగిపోయి సరిచేయాలని అద్దాలాయన చేతులు ఆడినవి. ఎదుటి గ్యాలరీ కమ్మీకి ఎవరో ఒక అట్ట కట్టినారు. మేనేజరును ఇంటికి పొమ్మని దానిమీద చిన్న అక్షరాలతో వ్రాసి ఉన్నది. మేనేజరు దానివంక చూచి, చదివి, ముఖం ముడుచుకొని, ఎవరు కట్టినారని సహాయకుని అడిగి వేలు చూపినాడు. ముప్పైయేడేళ్ళలో ఏ అద్దమూ అద్దాలాయనకు ఇంత తృప్తినివ్వలేదు. అడ్డు తొలగినది, ఇక ఆట నడుస్తుంది.

అవతలి అంచున పదకొండో నంబరు ఇద్దరిని తప్పించుకొని, మూడోవాని కాళ్ళ నడుమ నుండి బంతిని దాటించి, గోల్ ముందుకు అందించినాడు. అందుకొన్నవాడు ఆకాశానికి తన్నినాడు. మేనేజరు అంతా చూచినాడు. రెండుసార్లు చప్పట్లు కూడా కొట్టినాడు. అది జరిగిన నాలుగు నిమిషాలకు, రెండో సగంలో సరిగ్గా పావుగంట దాటగానే, బయటికి రావలసినవాని అంకె చూపే పలక పైకి లేచినది. దానిమీద పదకొండు.

అద్దాలాయన మేనేజరు ముఖం వంక చూచినాడు. కళ్ళజోడు ముక్కు మీదనే ఉన్నది. వాన లేదు, మంచు లేదు, అద్దాల మీద ఆవిరి లేదు. ఆ కంటికీ పదకొండో నంబరుకూ నడుమ, అద్దంతో తొలగించదగిన అడ్డం ఏదీ లేదు.

ఆయన లేచి, ఖాళీ కుర్చీలు దాటి, రెండు వరుసలు దిగినాడు.

“కాగితం ఇవ్వు.”

“ఆ మాట తీసేయాలా?” అన్నాడు బావమరిది, తల ఎత్తకుండా.

“అక్షరం ముట్టుకోకు.”

“నిన్న నిజం కాదన్నావుగా!”

“నిన్న కాదు. ఇవాళ నిజం.”

బావమరిది అప్పుడు తల ఎత్తినాడు. కింద మేనేజరు ముక్కు మీద మెరుస్తున్న కొత్త కళ్ళజోడును చూచినాడు. బావ ముఖాన్ని చూచినాడు. మళ్ళీ కళ్ళజోడును చూచినాడు. ఏమో అడగబోయి మానుకొని, పక్కకు జరిగి చోటు ఇచ్చినాడు. అద్దాలాయన ఆ చోట కూర్చుని, మోకాలి మీద కాగితం పరచుకొని, మొదటి అభియోగానికి సరిగ్గా కింద, కలం విరుగుతుందేమోనన్నంత నొక్కి సంతకం చేసినాడు.