నీళ్ళు పడలేదని రాసినాయన

మా ఊళ్ళో మూడేళ్ళు గ్రామసేవకుడిగా పనిచేసినాయన పోయిన వారం సత్తెనపల్లిలో చనిపోయారు. సంతకు వెళ్ళొచ్చిన మా మరిది ఆ మాట చెప్పాడు. మా మామగారు కండువా దులుపుకొని పొలం వెళ్ళిపోయారు. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు మా ఊరివాళ్ళెవరూ రాయరు కనుక నేనే రాస్తున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. సాగర్ కాలువ వస్తుందని వినడమే గాని మా మెట్టకు వానే దిక్కు. బావి తవ్వుకున్న రైతుకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేది. చివరి విడత మాత్రం, నీళ్ళు పడ్డాయని గ్రామసేవకుడు చూసి రాశాకే. మా నేలలో నాపరాయి తగిలిందంటే పలుగు దిగదు. అందుకని మావాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. తనిఖీకి ముందు వాగు నీళ్ళు పీపాలతో బండ్ల మీద తెచ్చి బావిలో పోసేవాళ్ళు. అంతకుముందున్న గ్రామసేవకుడు గట్టు మీంచే తొంగి చూసి రాసి పోయేవాడు. అలా నలుగురు సబ్సిడీ తీసుకున్నారు. మా మామగారూ నీళ్ళు పోయించారు.

ఈయన మాత్రం పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, తాడు పట్టుకుని బావిలోకి దిగారు. పైకొచ్చి గుప్పిట విప్పారు. అందులో చిటికెనవేలంత చేపపిల్ల గిలగిలా కొట్టుకుంటోంది.

"ఏంది మామా, నీళ్ళు పడకముందే చేపలు పడ్డయ్యే!" అన్నారు నవ్వుతూ.

నాకూ నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మామగారికి తల కొట్టేసినట్టయింది. "రాయవయ్యా, అందరికీ రాసిందేగా," అని బతిమాలారు.

"అబద్ధం రాస్తే ఈ ఒక్కసారికే మామా. ఉన్నది ఉన్నట్టు రాస్తే రేపు మళ్ళా అడగటానికి నోరుంటది," అన్నారాయన. వాగు నీళ్ళ సంగతి ఎత్తకుండా, ఇంకా నీళ్ళు పడలేదని మాత్రం రాసుకున్నారు.

సబ్సిడీ ఆగింది. ఆ డబ్బుతో వేద్దామనుకున్న మిరపతోటా ఆగింది. రేపు తమ బావుల్లోకీ దిగుతాడేమోనని మిగతావాళ్ళకు భయం. ఊరంతా ఒక్కటై ఆయనతో మాటలు మానేసింది. హోటలు బల్ల మీద ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవాళ్ళు. భార్య సత్తెనపల్లిలో టీచరు. ఆయన ఒక్కరే మా ఎదురింటి గదిలో ఉండేవారు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని ఆవిడ రాసిన ఉత్తరాలు పైకి చదువుకునేవారు, మనిషి గొంతు వినపడాలనేమో. పొద్దున్నే సైకిలు తీస్తూ "చెల్లెమ్మా, పోయొస్తా," అని మా వాకిట్లోకి ఒక మాట వేసేవారు. నేను ముగ్గు మీంచి తల ఎత్తేదాన్ని కాదు.

మరుసటి ఏడు, నీళ్ళు పడని బావుల్లో రాయి పేల్చి లోతు చేయడానికి ప్రభుత్వం సాయం ఇచ్చింది. ఊరు మొత్తానికి మా బావి ఒక్కటే ఆ జాబితాలో ఉంది. తక్కినవన్నీ కాగితం మీద నిండుగా ఉన్నాయి మరి! మంజూరు కాగితం ఆయనే తెచ్చారు. మామగారు ముఖం తిప్పుకుంటే, దాన్ని అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచి వెళ్ళారు.

దాచేపల్లి వైపు నుంచి మందు పేల్చే మనుషులొచ్చారు. పది రోజులకు ఊట తన్నుకొచ్చింది. మొదటి మోట తోలిన రోజు చూడటానికి ఊరంతా వచ్చింది. నేను చెంబుతో అందరికీ నీళ్ళిస్తున్నాను. ఆయన సైకిలు పట్టుకుని దూరంగా డొంకదారిలో నిలబడ్డారు. "రండన్నయ్యా" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మామగారు నా వంకే చూస్తున్నారు. మామగారిది పంతం, మరి నాకేమయింది? తల దించుకుని పక్కావిడకు నీళ్ళు పోశాను. ఆ పిరికితనానికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మళ్ళీ తలెత్తేసరికి మోట నీళ్ళు పొలం దాటి డొంక అంచుదాకా పారాయి. ఆయన సైకిలు కంచెకు ఆనించి, వంగి, అరచేత్తో తీసుకుని తాగారు. తడి చెయ్యి తలకు రాసుకుని, ఎవరి వంకా చూడకుండా సైకిలెక్కారు.