మా బావ ఏరికోరి కొన్న క్లచ్ లీవర్

మా అక్క ఫోన్ చేసేసరికి నేను పలాసలో, మా జీడి ఫ్యాక్టరీలో ఉన్నాను. ముక్కలూ బద్దలూ వేరుచేసే బల్లల దగ్గర పని చూసుకోవడం నా ఉద్యోగం. "బావ పోయాడురా. బేగి రా" అంది. గొంతులో ఏడుపు లేదు. పొద్దున రెండు ఇడ్లీలు తిని వసారాలో మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదట. నేను చేతులు కడుక్కుని ఆటో ఎక్కాను. దారంతా ఏమీ ఆలోచించలేదు. ఈ కబురు ఎప్పుడో ఒకరోజు వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనుకోలేదంతే.

ఆయన మా పెద్దక్క భర్త. కొబ్బరికాయల బేరగాడు. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఊళ్ళన్నీ మోటారుసైకిల్ మీదే తిరిగాడు. తోటలో నిలబడి, తలెత్తి చెట్లవంక చూసి, ఎన్ని కాయలు దిగుతాయో చెప్పేసేవాడు. సగంసార్లు లెక్క తప్పేది. తప్పిందని మాత్రం ఒప్పుకునేవాడు కాదు, దింపేవాడు సరిగ్గా దింపలేదనేవాడు. తను కొన్న ఏ వస్తువునైనా లోకంలో అంత మంచిది లేదని వాదించేవాడు. ఆయన గురించి గొప్పగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన బండి గురించి మాత్రం చెప్పగలను, ఎందుకంటే చివరి రోజుల్లో దాని మీద ఆయనతోపాటు ఎక్కువగా తిరిగింది నేనే.

మా వైపు చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీల జబ్బు వచ్చింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు. అక్కడ వేలు పెడితే లోపల సర్రున పారుతున్నట్టు తెలిసేది. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదని, రబ్బరు బంతిని మాత్రం మెల్లగా నొక్కుతూ ఉండాలని నర్సు చెప్పింది.

"బంతెందుకు తల్లీ, నా బండికి క్లచ్చుంది కదా" అన్నాడు ఈయన.

"క్లచ్ గట్టిగా ఉంటే మాత్రం వద్దు, బాబాయ్. చెయ్యి జాగ్రత్త" అంది ఆ అమ్మాయి.

ఆపరేషన్ తరవాత ఆ చేతివేళ్ళు చల్లగా ఉండేవి, పట్టు తగ్గింది. ఇక బండి అమ్మేసి ఆటోలో వెళ్దామని అక్క పట్టుబట్టింది. బావ ఒప్పుకోలేదు. "ఆటోలో ఎల్తే రోగిష్టోడు ఎల్తన్నాడంతారు. బండిమీద ఎల్తే బేరానికి ఎల్తన్నాడంతారు" అన్నాడు. చివరికి నన్ను మధ్యలో పెట్టి ఒక ఒప్పందానికి వచ్చారు. డయాలసిస్ ఉన్న రోజున వెళ్ళేటప్పుడు ఆయన నడుపుతాడు, నేను వెనక కూర్చుంటాను. ఆయన్ని ఆసుపత్రి దగ్గర దింపి నేను ఫ్యాక్టరీకి వెళ్తాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకి ఓపిక ఉండదు కాబట్టి నేను నడుపుతాను. క్లచ్ నొక్కలేని రోజు వస్తే మాత్రం మారుమాట లేకుండా బండి తాళం అక్కకి ఇచ్చేయాలి.

ఆ రోజు అనుకున్నదానికంటే ముందే వచ్చేలా కనిపించింది. ఇంటిముందు నిలబెట్టిన బండిని ఎవరిదో గేదె ఒరుసుకుంటూ పోయి పడేసింది. బ్రేకు లీవర్ కొస విరిగింది, క్లచ్ లీవర్ వంగింది. కంపెనీవి కొందామంటే ఆ ధరకి బావ మొహం మాడ్చుకున్నాడు. పైగా కంపెనీ క్లచ్ ఆయన వేళ్ళకి దూరం, ఆపరేషన్‌కి ముందునుంచీ దూరమే. బయటి సరుకు వెతుకుదామన్నాడు.

మొదట కాశీబుగ్గలో వెతికాం. పాత లీవర్లు రెండూ తువ్వాలులో చుట్టి వెంట తెచ్చుకున్నాడు. నాకు ఒక పొట్టి లీవర్ నచ్చింది, ఎర్రగా నిగనిగలాడుతోంది, రెండువేళ్ళకి సరిపోయేంత ఉంది. బావ దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు. "గునపం పొట్టిదైతే బండ కదుల్తాదేటి?" అన్నాడు. లీవర్ పొడుగుంటే కొస దగ్గర పట్టుకుని కొద్ది బలంతో లాగొచ్చు, పొట్టిదైతే అదే క్లచ్‌కి ఎక్కువ బలం పెట్టాలి. ఆయనకున్నదే కొద్ది బలం. నాకు నచ్చినవన్నీ అలా ఏదో ఒక వంకతో తిరిగి అద్దాల బీరువాలోకి వెళ్ళిపోయాయి.

"కన్ను అడిగింది కాదురా బామ్మర్దీ, సెయ్యి అడిగింది కొనాల" అన్నాడు బయటికొస్తూ. ఈ మాట తరవాత చెప్పుల షాపులోనూ విన్నాను, కళ్ళజోడు కొన్నప్పుడూ విన్నాను. కళ్ళజోడుకి అది ఎలా వర్తిస్తుందో అడగలేదు.

మర్నాడు టెక్కలి వెళ్ళాం. అక్కడి షాపతను బావకి పాత పరిచయం. బావ కొత్త లీవర్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి, బోల్టు దూరే కన్నం నుంచి కేబుల్ తగిలించే కన్నం దాకా ఉన్న దూరం గోటితో కొలిచేవాడు. ఆ దూరం తేడా వస్తే క్లచ్ పూర్తిగా విడదు, గేరు పడటానికి మొరాయిస్తుందట. తరవాత బోల్టు దూర్చి అటూఇటూ ఊపి చూసేవాడు, లొడలొడలాడితే పక్కన పెట్టేసేవాడు. కొసన గుండు లేనివాటిని అసలు ముట్టుకోలేదు, పడితే కడుపులో గుచ్చుకుంటాయని. షాపతను కాసేపు చూశాడు.

"మావా, పెళ్ళిసంబంధం సూత్తన్నావేటి?"

"పెళ్ళయితే నీ మాట మీద సేసుకుందును. దీన్ని రోజూ పట్టుకోవాల."

చివరికి పెట్టె మీద ఏ పేరూ లేని ఒక నల్ల లీవర్ తేలింది. దానికి చిన్న చక్రం ఉంది, చక్రం మీద అంకెలున్నాయి. ఒకటి మీద పెడితే లీవర్ హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది, అంకె పెరిగేకొద్దీ దూరం జరుగుతుంది. షాపులోని ఒక హ్యాండిల్‌కి తగిలించి చూస్తే ఆయన చేతికి ఒకటి కుదిరింది, నా వేళ్ళు పొడుగు కాబట్టి నాకు నాలుగు. ఇద్దరికీ పనికొచ్చేది దొరికిందని మురిసిపోయాడు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా అని బ్రేకుకి చక్రాలేవీ లేని మామూలు లీవరే తీసుకున్నాడు. కానీ అక్కడున్నవాటిలో బరువైనదాన్ని ఎంచి, బండికి బిగించాక బ్రేకు పట్టగానే వెనక లైటు వెలుగుతోందో లేదో నన్ను పదేపదే చూడమన్నాడు.

ఇంటికొచ్చాక అక్క పరీక్ష పెట్టింది. ఆయన బండెక్కి, క్లచ్ నొక్కి, గేరు వేసి, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వస్తూ పక్కింటివాళ్ళని పలకరించాడు కూడా, అవసరం లేకపోయినా. అక్క లోపలికి వెళ్ళి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం ఆయనకి అరగ్లాసు టీ తెచ్చి ఇచ్చింది.

అప్పటినుంచి ఆసుపత్రి గేటు ముందు మాకు ఒక అలవాటు ఏర్పడింది. ఆయన దిగి, చక్రాన్ని ఒకటి నుంచి నాలుగుకి తిప్పి, "ఇదిగో నీ నెంబరు" అని బండి నాకు అప్పగించేవాడు. నన్ను తిప్పనిచ్చేవాడు కాదు.

ఒక చలికాలం పొద్దున మాత్రం మా ప్రాణాలు తోడేశాడు. బండి తీయబోతే క్లచ్ కదల్లేదు. రెండోసారి పళ్ళబిగువున లాగాడు, కొంచెమే వచ్చింది. ఆయన బండి దిగి, తాళం తీసి అక్క చేతిలో పెట్టి, "ఐపోయిందే నా సెయ్యి" అన్నాడు. ఆ రోజు ఆటోలోనే వెళ్ళాం. మధ్యాహ్నం తిరిగొచ్చాక నేను ఊరికే క్లచ్ పట్టి చూస్తే వెన్నలా వచ్చింది. ఏం చేశావు దీన్ని అని అడిగితే, నాలుగురోజుల కిందట కేబుల్‌లో కొబ్బరినూనె పోశానన్నాడు. తన కాయలతో గానుగ ఆడించిన నూనె, శుభ్రమైనది, బజారు నూనె దాని ముందు దిగదుడుపట. తలకి రాసుకునే నూనె చలికి సీసాలో గడ్డకడుతుందని మా ఉద్దానంలో పుట్టినవాడికి ఎవరైనా చెప్పాలా? కేబుల్‌లో కూడా గడ్డకడుతుందని మాత్రం ఆయనకి తోచలేదు.

అక్క తాళం తిరిగిచ్చింది. "సేతికేటీ అవ్వలేదు, బుర్రకే అయింది" అంది. ఆయన ఎంత సంతోషపడ్డాడంటే, ఆ మాటకి కోపం తెచ్చుకోవడం కూడా మరిచిపోయాడు. కేబుల్ కడిగించి ఇంజన్ ఆయిల్ పోయించాం.

కానీ రోగం తన పని తాను చేసుకుపోయింది. ఈ ఏడాది ఎండలు మొదలయ్యేసరికి ఆయనకి నిలబడితే కళ్ళు తిరిగేవి. చెయ్యి బాగానే ఉంది, మనిషే బాగాలేడు. ఒకరోజు బండి దగ్గరికొచ్చి, ముందు ఎక్కకుండా వెనక సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నువ్వే నడుపు" అన్నాడు. అక్కడితో ఆ ఒప్పందం ముగిసింది. నేను ముందు ఎక్కి, చక్రాన్ని నాలుగుకి తిప్పుకున్నాను.

ఆ తరవాతే లీవర్ మొండికేయడం మొదలుపెట్టింది. సాయంత్రం వాళ్ళ వసారాలో బండి పెట్టేటప్పుడు చక్రం నాలుగు మీద ఉండేది. మళ్ళీ నేను వచ్చి తీసేసరికి ఒకటి మీద ఉండేది. లోపల స్ప్రింగు వదులైందనుకున్నాను. చవక సరుకు అంతేనని ఆయన ఎదుటే విసుక్కున్నాను. టెక్కలిలో ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు బావని కూడా ఆ షాపుకి తీసుకెళ్ళి, ఇది దానంతటదే తిరిగిపోతోందని చెప్పాను. షాపతను చక్రాన్ని టకటకా తిప్పాడు, లీవర్‌ని గట్టిగా కుదిపాడు.

"ఇది తిరిగీది కాదు బావూ. ఎవరో తిప్పాల" అన్నాడు.

నేను వాదించాను. బావ గోడకి వేలాడదీసిన అద్దాల వరసని చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "పోనీ, ఒగ్గీరా. సవకది కదా, అలగే ఉంతాది" అన్నాడు. తను కొన్నదాన్ని ఆయన తక్కువ చేసి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాకు వింతగా అనిపించింది, అంతటితో వదిలేశాను.

కర్మకాండ అయ్యాక అక్క బండి నన్నే వాడుకోమంది. మా ఇంట్లో చోటు లేక, అక్కని రోజూ చూసినట్టు కూడా ఉంటుందని, వాళ్ళ వసారాలోనే ఉంచుతున్నాను. మొదటిరోజు తీసినప్పుడు చక్రం ఒకటి మీద ఉంది. నాలుగుకి తిప్పుకుని ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చాను. మర్నాడు పొద్దున నాలుగు మీదే ఉంది. ఆ మర్నాడు కూడా. వారం గడిచాక, స్ప్రింగు బాగుపడినట్టుందని అక్కతో అన్నాను.

అక్క గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "దానికేటి రోగం?" అంది తలెత్తకుండా. "తెల్లారగట్ల లేచి బండెక్కి కూకునీవోడు. తన నెంబరుకి తిప్పుకోని ఉట్టినే క్లచ్చు నొక్కుతుండీవోడు. ఎక్కడికెల్తన్నావని అడిగితే, బేరానికి అనీవోడు. నీకు సెప్పొద్దన్నాడు."

మొదట ఆయన మీద కోపం వచ్చింది, నన్ను షాపతని ముందు అంతసేపు వాదించనిచ్చినందుకు. ఆ కోపం వెళ్ళి కూర్చోవడానికి ఎదురుగా మనిషి లేడు. అప్పుడు ఏడుపొచ్చింది, ఆయన పోయిన రోజున రానిది.

బండి ఇంకా నడుపుతున్నాను. సాయంత్రం వసారాలో పెట్టి, తాళం అక్కకి ఇచ్చి వస్తాను. పొద్దున వెళ్ళగానే ముందు ఆ చక్రం వైపు చూస్తాను. నిన్న కూడా చూశాను. నాలుగు మీదే ఉంది.