నేను అన్న పోదుం వేరు

మా సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే మేం నలుగురం రోజంతా నిలబడే ఉంటాం. కొత్త ఒప్పందంలో తలా ఒక స్టూలు రాయించాలని ఈ రోజు యూనియన్ వాళ్లు మమ్మల్ని కూడా చర్చలకు తీసుకెళ్లారు. మేనేజరు అందరికీ కలిపి ఒక్కటే ఇస్తానన్నారు. మాటలు పెరిగాయి. నాకు భయమేసి, పక్కనున్న లక్ష్మక్కతో "పోదుం అక్కా" అన్నాను, బయటికి వెళ్లిపోదామని.

మేనేజరు తమిళాయన. "చూడండి, ఆ పిల్లే పోదుం అంటోంది!" అని నవ్వారు. తమిళంలో పోదుం అంటే 'చాలు' అని అర్థం.

లక్ష్మక్క నన్ను గిల్లి, "నువ్వే చెప్పుమే, ఈడ నోరు మూసుకుంటే ఒకటే గతి" అంది.

లేచి నాకొచ్చిన కాస్త తమిళంలోనే, "పోదాదు సార్, నాలు వేణుం" అన్నాను, చాలదు, నాలుగు కావాలని.

నాలుగు స్టూళ్లకూ ఒప్పుకున్నారు. నేను మేనేజరుకు ఎదురు చెప్పానంటే మా ఆయన నమ్మడం లేదు. మీరైనా నమ్ముతారా?